కారవాన్‌కు గాలి తొడుగులు పనికొస్తాయా?

కారవాన్, మోటర్‌హోమ్, కారు వెనక తగిలించుకునే పెట్టె ట్రైలర్: హైవే ఎక్కాక ఈ బండ్ల ఇంధనంలో పెద్ద వాటా గాలిని తోయడానికే పోతుంది. గాలి నిరోధాన్ని ప్రధానంగా నిర్ణయించేవి బండి ఎదుటి వైశాల్యం, ఆకారం, వేగం. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది. దాన్ని నెగ్గుకుపోవడానికి ఇంజన్ పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. మామూలు కారు ఎదుటి వైశాల్యం రెండు చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. పెద్ద మోటర్‌హోమ్‌ది ఆరు దాకా ఉంటుంది, పైగా ముఖం గోడలా నిటారు. ఈ భారాన్ని తగ్గిస్తామంటూ అమ్మే సరుకు చాలా ఉంది: కారు టాపు మీద బిగించే డిఫ్లెక్టర్లు, పక్కల దించే స్కర్టులు, వెనక అంచున అంటించే వోర్టెక్స్ జనరేటర్లనే చిన్న చిన్న రెక్కలు.

డబ్లిన్ నైరుతి శివారు సిటీవెస్ట్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ లెక్క అక్కరకొచ్చేదే. వేసవి సెలవుల్లో కెర్రీ వైపు బయల్దేరే బండి ఊరి పక్కనే ఎన్7 ఎక్కి, నేస్ దగ్గర్నుంచి ఎం7 మీదుగా నైరుతికే సాగుతుంది. ఐర్లండ్‌లో ఎక్కువగా వీచేది కూడా నైరుతి, పడమటి గాలే. అంటే వెళ్ళే దారి చాలాసార్లు ఎదురుగాలి దారి. కారవాన్ లాగే కారుకు ఐర్లండ్ చట్టం విధించిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, మోటార్‌వే మీదయినా సరే. ఆ వేగంతో పోతున్న బండికి 30 కిలోమీటర్ల గాలి ఎదురైతే బండి ముఖానికి తగిలేది 110 కిలోమీటర్ల గాలి. నిరోధం దాదాపు 1.9 రెట్లవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెన్నుదన్నుగా ఉంటే నిరోధం 0.4 రెట్లకు దిగుతుంది. రెండూ కలిపి సగటు తీస్తే గాలి లేని రోజు కంటే ఖర్చు ఎక్కువే. వెళ్ళేటప్పుడు పోయిందంతా వచ్చేటప్పుడు తిరిగి రాదు.

తొడుగుల్లో ఏది పనిచేస్తుందో తెలియాలంటే ముందు బండి వెనక్కి చూడాలి. మట్టిరోడ్డు మీద లారీ పోతుంటే వెనక దుమ్ము సుళ్ళు తిరుగుతూ లారీనే వెంటాడుతుంది. అక్కడ గాలి పీడనం తక్కువ; ఆ లోటు బండిని వెనక్కి లాగుతుంది. పెట్టె ఆకారపు బండికి నిరోధంలో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. వోర్టెక్స్ జనరేటర్లు దీన్ని పోగొడతాయన్న ప్రచారాన్ని నమ్మడం కష్టం. వాటి అసలు పని, వాలుగా దిగే ఉపరితలం మీద గాలి తొందరగా విడిపోకుండా ఇంకాస్త దూరం అంటిపెట్టుకునేలా చేయడం. మిత్సుబిషి ఇంజనీర్లు 2004లో లాన్సర్ ఎవల్యూషన్ కారు టాపు వెనక వాటిని పెట్టి చూస్తే నిరోధ గుణకం (ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) తగ్గింది 0.006 మాత్రమే. వెనక భాగం వాలుగా దిగే సెడాన్‌లోనే ఫలితం అంత. కారవాన్ వెనక గోడ నిలువుగా తెగిపోతుంది. గాలి ఆ అంచు దగ్గర ఎలాగూ విడిపోవాల్సిందే. రెక్కలు అంటించినా అతుక్కోవడానికి దానికి ఉపరితలమే లేదు.

మూల ఆకారం సంగతి వేరు. 1970లలో అమెరికాలోని నాసా డ్రైడెన్ కేంద్రం ఒక వ్యాన్‌కు రేకులు బిగించి, పదునైన మూలలున్న పెట్టెలా మార్చి పరీక్షించింది. తర్వాత నిలువు మూలల్నీ అడ్డ మూలల్నీ గుండ్రంగా మలిస్తే నిరోధం 54 శాతం తగ్గింది. లోపలి చోటు తగ్గింది మూడు శాతమే. తర్వాత అతికించే ఏ తొడుగూ ఇంత మేలు చేయలేదు. అమెరికాలో 1936లో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ ట్రైలర్ గుండ్రటి అల్యూమినియం ఒళ్ళు అందం కోసమే అనుకోకూడదు. కొత్తగా కారవాన్ కొనేవాళ్ళు లోపలి సోఫాల కంటే ముందు ముఖం మూలల్ని చూడడం మంచిది.

టాపు డిఫ్లెక్టర్‌లో కొంత నిజముంది. కారు కంటే కారవాన్ బాగా ఎత్తయినప్పుడు అది గాలిని పైకి మళ్ళించగలదు. అయితే కోణం, దూరం కుదరాలి. కుదిరిందో లేదో చెప్పడానికి పురుగులే సాక్ష్యం: ప్రయాణం తర్వాత కారవాన్ ముందు గోడ మీద చచ్చిన పురుగులు ఎక్కడ గుట్టగా అంటుకున్నాయో గాలి నేరుగా కొడుతున్నది అక్కడే. కారవాన్ విప్పేశాక డిఫ్లెక్టర్‌నూ తీసేయాలి. లేదంటే అది కారుకే అదనపు భారం.

స్కర్టులు, వెనక అంచున పొడుగ్గా బిగించే పలకలు లారీలకు బాగా నప్పుతాయి. ఆ వెనక పలకలు పొడవు పరిమితి దాటినా ఫర్వాలేదని యూరోపియన్ యూనియన్ 2015లో నిబంధన మార్చింది కూడా. కానీ లారీ ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరగగలదు. సెలవుల బండి మూడు వేలు తిరిగితే గొప్ప. 80 వేగంలో తొడుగు నిరోధాన్ని పది శాతం తగ్గించిందనే అనుకుందాం. టైర్ల నిరోధం మారదు కనుక ఇంధనంలో మిగిలేది ఏడు శాతం. వంద కిలోమీటర్లకు 12 లీటర్లు తాగే బండికి ఏడాదికి ఆదా 25 లీటర్లు. వందల యూరోల తొడుగు ఖరీదు దీంతో రాబట్టుకోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

దీని పక్కన వేగాన్ని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మూడున్నర టన్నుల మోటర్‌హోమ్ నిరోధ గుణకం 0.5 అనుకుంటే, 120 వేగంలో గాలి నిరోధం 2,000 న్యూటన్లు, టైర్లది 350 దాకా. గాలి నిరోధాన్ని పది శాతం తగ్గించే తొడుగు మొత్తంలో ఎనిమిదిన్నర శాతమే మిగిలిస్తుంది. వేగాన్ని 100కు దించితే మొత్తం నిరోధం 26 శాతం తగ్గుతుంది. వంద కిలోమీటర్ల దూరానికి అదనంగా పట్టేది పది నిమిషాలు. టాపు మీద ఖాళీగా మోస్తున్న పెట్టె తీసేయడానికీ, టైర్లలో గాలి సరిచూడడానికీ అసలు ఖర్చే లేదు. పక్కగాలికి కారవాన్ ఊగడాన్ని కూడా ఈ తొడుగులు ఆపలేవు. దానికి సామాను బరువు సర్దడం, నిదానంగా నడపడమే దారి.

అయినా కొని చూడాలనుకునేవాళ్ళు ఒకే దారిలో, రానూపోనూ, ట్యాంకు నిండా నింపి కొలవాలి. ముందు తొడుగు లేకుండా, తర్వాత తొడుగుతో, మళ్ళీ తీసేసి. మొదటి కొలతా మూడో కొలతా దగ్గరగా రాకపోతే ఆ రోజు బండి కంటే గాలే ఎక్కువ మారిందని అర్థం. ఆ అంకెలు పక్కన పెట్టి ఇంకో రోజు కొలవాల్సిందే.