అల్లాహ్ మాలికే, మరి హిసాబ్ ఎవరు రాయాలి?

"అల్లాహ్ మాలిక్ హై" అనే మాటకు మన ఇళ్లలో జరిగినంత అన్యాయం ఇంకే మాటకూ జరగలేదు. కొడుకు ఫీజు ఎట్లా కడతావు భాయ్ అంటే అల్లాహ్ మాలిక్. దుకాణం నాలుగు రోజులు మూతపడితే ఇల్లెట్లా గడుస్తుందంటే అల్లాహ్ మాలిక్. బుఢాపాకు ఏం దాచుకున్నావంటే వేలు పైకి చూపిస్తాడు. అదే మనిషిని బిడ్డ షాదీ ఎట్లా చేస్తావని అడిగి చూడండి. బంగారం ఎన్ని తులాలు, ఫంక్షన్ హాలు ఏది, దావత్‌కు ఎన్ని దేగులు, దుల్హేకు ఏ బండి, ఎవరి దగ్గర ఎంత కర్జ్ పుడుతుంది, అన్నీ వేళ్ల మీద చెబుతాడు.

కాబట్టి మనవాళ్లకు లక్ష్యాలు పెట్టుకోవడం రాదంటే నేను ఒప్పుకోను. వస్తుంది. రకం, తారీఖు, కిస్తీలు అన్నీ వేసుకుని పదిహేనేళ్లు ఒకే లక్ష్యం కోసం కడుపు మాడ్చుకునే కౌమ్ మనది. కాకపోతే ఆ లక్ష్యం మనం ఎంచుకున్నది కాదు. "లోగ్ క్యా కహేంగే" అనే భయం మన చేత పెట్టించింది.

నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఇరవై ఏళ్లు చేసి వచ్చినవాళ్లతో విలేకరిగా చాలాసార్లు మాట్లాడాను. ఏం మిగిలిందని అడిగితే చాలామంది చూపించేవి రెండు షాదీ ఆల్బమ్‌లు, పైఅంతస్తు సగంలో ఆగిన ఇల్లు, షుగర్ గోలీల డబ్బా. ఆమ్దనీ లేక కాదు. వచ్చిన ప్రతి రియాల్‌కూ ముందే ఒక దావత్ రాసిపెట్టి ఉంది.

సర్కారుకూ మనం బిడ్డల షాదీల్లోనే కనిపిస్తాం. తెలంగాణలో షాదీ ముబారక్ 2014లో 51 వేలతో మొదలైంది. 2017లో 75,116 అయింది, 2018లో 1,00,116 అయింది. పేదింటికి ఆ సాయం వద్దనే హక్కు నాకు లేదు. కానీ ఆ చెక్కు గురించి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన అబ్బాజాన్‌లలో, బిడ్డ డిగ్రీ ఆఖరు సంవత్సరం ఫీజు కోసం అంతే తిరిగినవాళ్లు ఎంతమంది?

మన దగ్గర ఇంకో వింత ఉంది. బ్యాంకులో వడ్డీ పడుతుందని ఖాతా తెరవడానికి జంకే మనిషి, బిడ్డ షాదీ దగ్గరికొస్తే డైలీ ఫైనాన్స్ గడప తొక్కుతాడు. పది వేల కర్జ్ అంటారు, చేతికి తొమ్మిది వేలిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. సూద్ తినేవాడితో పాటు తినిపించేవాడూ, రాసేవాడూ, గవాహీ ఇచ్చేవాడూ గుణాలో బరాబరే అని హదీసులో ఉంది. తినేవాణ్ని తిడతాం, తినిపిస్తున్నది మనమేనని మరిచిపోతాం.

ఇక్కడ ఒక సవాల్ వస్తుంది, న్యాయమైనదే. "నువ్వు నెల జీతగాడివి, రాస్తావు. ఆటో తోలేవాడికి, పంక్చర్ వేసేవాడికి, బీడీలు చుట్టే ఆపాకు గోల్స్ ఏంటి?" యూట్యూబ్‌లో కోటు తొడుక్కుని "ముప్పై ఏళ్లకు కోటి సంపాదించు" అని అరిచేవాళ్ల దగ్గర దీనికి జవాబు లేదు. వాళ్ల మాటలు వీళ్ల కోసం కావు. జవాబు ఆ డైలీ ఫైనాన్స్ కార్డులోనే ఉంది. వంద రోజులు వంద కట్టినవాడికి వంద తీయడం వచ్చు. తేడా ఒక్కటే. ముందు కర్జ్ తెచ్చి తర్వాత కడుతున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ కార్డు పూర్తయిన మర్నాటి నుంచి ఇంకో వంద రోజులు అదే వంద తన డబ్బాలో వేసుకుంటే పది వేలు తనవే అవుతాయి. మళ్లీ జ్వరమొచ్చినా, టైరు పేలినా ఆ గడప తొక్కే పని ఉండదు. పేద ఇంటికి మొదటి లక్ష్యం అదే. కోటి కాదు, పది వేలు.

"ఇదంతా దునియాదారీ, తవక్కుల్ ఉన్నవాడికి ఎందుకు?" అనే బుజుర్గులకు అదబ్‌తో రెండు మాటలు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగు ఆయత్ ఏదో చూడండి. సూరా బఖరాలో 282వది. అది నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. కర్జ్ తీసుకుంటే గడువు పెట్టుకుని, గవాహ్‌లను పెట్టుకుని, చిన్నదైనా పెద్దదైనా కాగితం మీద రాసుకోమని చెప్పే ఆయత్. ఏడేళ్ల పంట వస్తుంది, ఏడేళ్ల ఖహత్ వస్తుంది అని తెలిసి యూసుఫ్ అలైహిస్సలాం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తినేంత తీసి మిగతాది వెన్నుల్లోనే దాచమన్నారు. నబీ అయిన మనిషి ప్లాను వేశారు, మనం తవక్కుల్ పేరుతో బద్ధకం చేస్తున్నాం.

1959లో మలేసియాలో ఉంగ్కు అజీజ్ అనే ఆర్థికవేత్త తన కిసాన్ల దురవస్థ చూశాడు. హజ్ కోసం రూపాయి రూపాయి ఇంట్లో దాస్తున్నారు, చాలక పొలాలు, పశువులు అమ్ముకుంటున్నారు, తిరిగొచ్చాక బతుకు లేదు. సూద్ లేకుండా కొద్దికొద్దిగా జమ చేసుకునే సంస్థ ఉండాలని ప్రతిపాదించాడు. 1963లో అది పనిలోకి వచ్చింది. ఈనాటి తాబుంగ్ హాజీ అదే. వాళ్లకు నియ్యత్ ముందే ఉంది. అతను దానికో హిసాబ్ ఇచ్చాడు.

మన బస్తీల్లో అట్లాంటి సంస్థ లేకపోయినా మన ఆడవాళ్ల దగ్గర "బీసీ" ఉంది. పాట లేదు, సూద్ లేదు. పదిమంది నెలకింత వేస్తారు, నెలకొకరికి చిట్టీ తీస్తారు. ఆ డబ్బు టీవీకి, చీరలకు పోకుండా ఒక ఫీజు పేరు మీద పెడితే చాలు. దాన్ని వదిలి, నెలనెలా "హలాల్ మునాఫా" ఇస్తామనే గడ్డం కంపెనీల వెనక పడితే ఏమైందో 2018లో హైదరాబాద్, 2019లో బెంగళూరు చూశాయి. ఏ తిజారత్ అని అడిగితే జవాబు చెప్పనివాడు గడ్డం పెంచినా, టోపీ పెట్టినా వాడికి పైసా ఇవ్వకండి.

కాబట్టి భాయియో, ఈ జుమా రాత్రి ఇషా తర్వాత ఒక నోటుబుక్కు తీయండి. బీబీని పక్కన కూర్చోబెట్టుకోండి, కలం ఆమె చేతికివ్వండి. ఇంట్లో ఉప్పు ఎంత మిగిలిందో తెలిసిన మనిషి ఆమె. అయిదు వరసలు రాయండి, ప్రతి దానికీ రకం, తారీఖు వేయండి.

ఒకటి, జబ్బుకూ ఆపదకూ ముట్టని డబ్బా. రెండు, తీర్చాల్సిన కర్జ్‌లు. అందులో అన్నిటికంటే పైన "ఉధార్" అని రాయించి మరిచిపోయిన మెహర్ రాయండి. జహేజ్ లక్షల్లో నక్దుగా తీసుకుని, మెహర్ వేలల్లో ఉధార్ పెట్టిన మగవాళ్లం మనం. అది ఆమె హక్కు, మన కర్జ్. మూడు, పిల్లల తాలీమ్, బేటాకు ఎంతో బేటీకి అంత. నాలుగు, షాదీ. రాయండి, కానీ దానికో హద్దు కూడా రాయండి. మస్జిద్‌లో నికాహ్, ఖజూర్, ఇంటికి తగ్గ వలీమా. మిగిలింది మూడో వరసలోకి పోతుంది. అయిదు, హజ్ అయినా, తలమీద సొంత కప్పు అయినా, మీ దిల్ కోరింది ఏదైనా.

నిసాబ్ ఉన్నవాళ్లం ఏటా రంజాన్‌లో జకాత్ కోసం నూటికి రెండున్నర లెక్క వేస్తూనే ఉన్నాం. ఆ రోజే ఈ నోటుబుక్కూ తిప్పండి. ఏ వరస ముందుకు జరిగింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది చూడండి. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో లెక్కల పీరియడ్‌ను హిసాబ్ అనేవాళ్లం. ఖయామత్ రోజుకూ అదే పేరు, యౌముల్ హిసాబ్. సంపాదించింది ఎక్కణ్నుంచి తెచ్చావు, దేంట్లో పెట్టావు అని ఆ రోజు అడుగుతారు. అక్కడ "అల్లాహ్ మాలిక్" అని జవాబు చెప్పలేం. అడుగుతున్నదే మాలిక్.