మళ్లీ వేడి చేస్తే సరిపోతుందా?

రాత్రి మిగిలిన అన్నం పారెయ్యాలంటే మనలో ఎవరికీ చేతులు రావు కదండీ! నేనూ అంతే. మొన్న మార్చిలో ఓ రోజు, రాత్రంతా గిన్నెలో ఉండిపోయిన అన్నానికి పొద్దున్నే పోపు పెట్టి మా అబ్బాయి బాక్సులో సర్దాను. మధ్యాహ్నం అది తిన్న రెండు గంటలకే వాడికి వాంతులు! "బాగా వేడి చేశానండీ" అని నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, "వేడి చేసినా ఆ విషం పోదమ్మా" అన్నారు డాక్టరుగారు.

వాడు తేరుకున్నాక, డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్న మా అమ్మాయి నాకు పాఠం చెప్పింది. సూక్ష్మక్రిముల్లో కడ్డీల్లా పొడుగ్గా ఉండేవి కొన్ని ఉన్నాయి. తిండి కరువైతే వాటిలో కొన్ని తమ లోపలే గట్టి పెంకుతో సిద్ధబీజం తయారుచేసుకుంటాయి. మనం విత్తనాలు దాచుకున్నట్టే! నీళ్లు మరిగినా ఆ బీజం చావదు.

వీటిలో ముఖ్యమైనవి రెండు జాతులు. గాలి ఉన్నచోట పెరగగలిగేవి బాసిల్లస్. లాటిన్‌లో చిన్న కడ్డీ అని అర్థం. 1872లో ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ జాతిని వేరుచేసి చెప్పారు. గాలి తగలనిచోట పెరిగేవి క్లాస్ట్రీడియం. ధనుర్వాతం తెచ్చేది ఈ జాతిదే.

ఒకే ఇంట్లో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఉన్నట్టు, బాసిల్లస్ సబ్టిలిస్‌తో జపాన్‌వాళ్లు సోయా గింజలు పులియబెట్టి 'నాటో' చేసుకుంటారు. దాని చుట్టం బాసిల్లస్ సీరియస్ మాత్రం మన అన్నం మీద పడుతుంది. బియ్యంతో వచ్చిన దాని బీజాలు ఉడికినా బతికే ఉంటాయి. అన్నం గంటల తరబడి బయట ఉంటే మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. వాసన, రుచి మారకపోవచ్చు కూడా. మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నంలో ఆ పులుపు వీటిని కొంత అణచిపెడుతుంది. ఒట్టిగా వదిలేసిన అన్నానికి ఆ అడ్డు లేదు.

అందుకని, మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చండి. గంట, మహా అయితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. మర్నాడు ఒక్కసారే, పొగలు వచ్చేలా వేడి చేసి తినెయ్యండి. ఫ్రిజ్ లేనివాళ్లు రాత్రిపూట ఓ గుప్పెడు బియ్యం తక్కువే పొయ్యండి.

ఇంకొక్క మాట. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించొద్దు. అందులో క్లాస్ట్రీడియం బోట్యులినం బీజాలు ఉండవచ్చు. పసివాళ్ల పేగుల్లో అవి మొలకెత్తితే కండరాలు చచ్చుబడి ప్రాణం మీదికి వస్తుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారు నాకిస్తే నేనూ మురిసిపోతూ చూశాను. ఏమీ కాలేదు, మా అదృష్టం. రేపు మనవడు పుడితే మాత్రం తేనె సీసా దగ్గరికి రానివ్వను.