దత్తత చట్టమున శిశువు స్థానము

అపుత్రకునకు గతి లేదన్న విశ్వాసమునుండి పుట్టినది మన దత్తతవిధి. పిండోదకము లిచ్చు కర్తయు, వంశనామమునకు నిలుపుదలయు, ఆస్తికి వారసుడును కావలెనన్న మూడు కోరికలును పెంచుకొనువారివే. నందపండితుని దత్తకమీమాంస యెవ్వనిని దత్తు గొనవచ్చును, ఎవ్వనిని గొనరాదు అను విషయమును అతిసూక్ష్మముగ చర్చించినది. ఆంగ్లప్రభుత్వకాలమున న్యాయస్థానములును ఆ మార్గమునే యనుసరించినవి. భర్త యనుమతి లేని విధవ సపిండుల సమ్మతితో దత్తు చేసికొనవచ్చునని 1868లో రామనాథపురపు వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు నిర్ణయించెను. ఏకపుత్రుని దత్తు నీయరాదన్న వసిష్ఠవచనము హితోపదేశమే గాని, దానిని మీఱి చేసిన దత్తత రద్దు కాదని 1899లో మఱల తీర్పు చెప్పెను. ఎంతటి పాండిత్యము! అయినను, ఆ బాలుడు క్రొత్త యింట సుఖముగ పెరుగునా యన్న ప్రశ్న ఆ వాదములలో వినబడలేదు.

1956 డిసెంబరులో అమలునకు వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఈ విధిని మతకర్మనుండి చాలవఱకు విడదీసినది. ఆడపిల్లను పెంచుకొనుటకు శాసనబద్ధమైన హక్కు ఏర్పడెను. అవివాహితకును, విధవకును స్వతంత్రముగ దత్తు గొను నధికారము లభించెను. దత్తహోమ మావశ్యకము గాదనియు, బిడ్డ నిచ్చుటకు ప్రతిఫలము పుచ్చుకొనుట నేరమనియు శాసన మయ్యెను. భర్తతో కాపురము చేయుచున్న స్త్రీకి దత్తు గొను నధికారము 2010 సవరణతో గాని రాలేదు.

ఈలోపల మఱియొక ధార బయలుదేరెను. విదేశీయులకు మన పిల్లలను దత్తు నిచ్చు పద్ధతిలోని అక్రమములను గూర్చి లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది వ్రాసిన లేఖపై సుప్రీంకోర్టు 1984లో ఇచ్చిన తీర్పు, శిశుక్షేమమునే విచారణకు కేంద్రముగ జేసెను. ఆ భావమే క్రమముగ బాలల న్యాయచట్టములలో స్థిరపడెను. మతభేదము లేక ఎవ్వరైనను ఆ చట్టముల క్రింద దత్తు గొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. 2015 బాలల న్యాయచట్టము ప్రకారము బిడ్డను అప్పగించిన తల్లికి పునరాలోచనకై రెండునెలల గడువు కలదు. పెంచుకొనువారి గృహపరిస్థితులను ముందుగ పరిశీలింతురు. వయస్సును, గ్రహణశక్తిని బట్టి బిడ్డ యభీష్టమును గూడ గమనింతురు.

అయితే హిందూ చట్టము క్రింద జరుగు దత్తతలకు తాను వర్తింపనని ఆ చట్టమే చెప్పుచున్నది. తల్లిదండ్రులే బిడ్డ నిచ్చినచో, రిజిష్టరయిన దస్తావేజుపై ఇరుపక్షముల సంతకము లున్నంతమాత్రమున దత్తత సక్రమముగ జరిగినదని న్యాయస్థానము భావింపవలెను. ఆ సంతకము వెనుక దారిద్ర్య మున్నదా, దళారి యున్నాడా యని ముందుగ నడుగువా రెవ్వరు? 1999, 2001 సంవత్సరములలో లంబాడా తండాలనుండి ఆడశిశువులను కొని దత్తతకు తరలించిన వైనము బయటపడినప్పుడు తెలుగునాడు తలవంచుకొనవలసి వచ్చినది. తల్లి యంగీకార మను పేరు ఎంత సులభముగ క్రయవిక్రయమునకు ముసుగు కాగలదో ఆ యుదంతములు చూపినవి.

బంధువులలో జరుగు దత్తతను నిషేధింపుమని నేను కోరను. అన్న బిడ్డను తమ్ముడు పెంచుకొనుట మన కుటుంబములలో ప్రేమతో సాగుచున్న యాచారము. కాని దస్తావేజు రిజిష్టరగుటకు ముందు జిల్లా బాలల సంరక్షణాధికారి ఆ యింటికి పోయి చూడవలెను. మాటలు వచ్చిన బిడ్డను ఒంటరిగ కూర్చుండబెట్టి వినవలెను. 2015 చట్టము తల్లి కిచ్చిన ఆ రెండునెలల గడువు 1956 చట్టమునను చేరవలెను.