దారి చూపే యాప్ పల్లెవెలుగు ఎక్కాలి

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలు దిగే యాత్రికుడు ముందుగా తెలుసుకోవాల్సింది, ఆ స్టేషన్ కొత్తగూడెంలో ఉందని. భద్రాచలంలోని రాములవారి గుడికి ఇంకో 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి. ఫోన్ తీస్తే అతని చిక్కు తీరుతుంది. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు అడవి పల్లెలకు వెళ్లేవారి చిక్కు అంత తేలిగ్గా తీరదు. బస్సు ఎక్కడుందో, అసలు వస్తుందో రాదో తెలియాల్సిన అవసరం అందరికన్నా వారికే ఎక్కువ.

తెలంగాణ ఆర్టీసీ 2023 ఆగస్టులో ‘గమ్యం’ యాప్ తెచ్చింది. బస్సు జాడను మ్యాప్‌లో చూపుతుంది. రాత్రివేళ స్టాపు లేని చోట మహిళలు వెలుగుతున్న ఫోన్ తెర చూపితే డ్రైవర్ గుర్తించి ఆపే ఏర్పాటూ ఉంది. మంచి ఆలోచన. కానీ ఆరంభంలో జిల్లాల పల్లెవెలుగు బస్సులను దీన్నుంచి మినహాయించారు. అదే ఏడాది డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. చార్జీల భారం తప్పింది, ఎదురుచూపు తప్పలేదు. హైదరాబాద్‌లో ఒక బస్సు పోతే కాసేపట్లో ఇంకొకటి దొరుకుతుంది. బిడ్డను భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో చూపించుకున్న తల్లికి చర్ల ఆఖరి ట్రిప్పు తప్పితే, రాత్రంతా బస్టాండే దిక్కు. లేదంటే ఆటో అడిగినంత ఇచ్చుకోవాలి.

దీనికి సరిహద్దు తోడైంది. 2014లో ఎటపాక, గుండాల, కన్నాయిగూడెం వంటి ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లే బస్సు మధ్యలో ఆంధ్ర నేల మీదుగా సాగి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. చింతూరు దాటితే జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు చేరుతుంది. తెలంగాణకు గమ్యం, ఏపీఎస్‌ఆర్‌టీసీకి లైవ్‌ట్రాక్ యాప్‌లు ఉన్నాయి. ప్రయాణికులకు ఇదంతా ఒకే దారి, సంస్థలకే రెండు. రెండు సంస్థలూ తమ రూట్లు, స్టాపులు, వేళలను జీటీఎఫ్ఎస్ అనే ఉమ్మడి పద్ధతిలో బహిరంగంగా ఇస్తే, ఏ యాప్ అయినా రెండింటినీ కలిపి చూపగలదు.

బస్సులోని జీపీఎస్ పరికరం తానెక్కడున్నదీ మొబైల్ నెట్‌వర్క్ ద్వారానే పంపుతుంది. అడవిలో సిగ్నల్ పోతే బస్సు మ్యాప్ మీద జాడ లేకుండా పోతుంది. అప్పుడు ఖాళీ తెర కాకుండా, బస్సు చివరగా ఏ ఊళ్లో ఎన్ని గంటలకు కనిపించిందో చూపాలి. టైంటేబుల్ నెట్ లేకపోయినా ఫోన్‌లో తెరుచుకోవాలి. వరదల వేళ ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటి రోజుల్లో ఏ రోడ్డు మునిగిందో, ఏ సర్వీసు రద్దయిందో చెప్పని యాప్ ఉన్నా లేనట్టే.

చూపు లేనివారి సంగతి మరీ ముఖ్యం. ఫోన్ తెరపై అక్షరాలను టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. ఎదుట ఆగిన బస్సు చర్లదో మణుగూరుదో మాత్రం పక్కవారిని అడగాల్సిందే. బస్సు నంబరు పైకి పలికే ‘ఆన్‌బోర్డ్’ పరికరాన్ని ఐఐటీ ఢిల్లీ రూపొందించింది. స్పెయిన్‌లో పుట్టిన నావీలెన్స్ రంగురంగుల కోడ్‌లను ఫోన్ కెమెరా దూరం నుంచే గుర్తించి దారి చెబుతుంది. రవాణా, సమాచారం రెండూ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41, 42 సెక్షన్లు నిర్దేశిస్తున్నాయి. అది దయతో చేసే పని కాదు, వారి హక్కు. చదువు రానివారికి, కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దలకు ఒక నంబరు కావాలి. ఫోన్ చేస్తే తెలుగులో, కోయలో తరువాతి బస్సు వేళ వినిపించాలి.

నష్టాల రూట్లలో ఇంత ఖర్చు దేనికని అడిగేవారు ఉంటారు. టైంటేబుల్‌ను అందరికీ తెరిచి పెట్టడానికి, ఫోన్‌లో గొంతుతో చెప్పించడానికి కొత్త బస్సులు కొననక్కర్లేదు. రెండు ఆర్టీసీలు, భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ కలిసి కూర్చుని, వచ్చే వరదల కాలంలోపు చర్ల, చింతూరు రూట్లలో ఈ పని మొదలుపెట్టాలి. ముందుగా జీపీఎస్ బిగించాల్సింది పల్లెవెలుగుకే.