సముద్రాన్ని జరపగలరా?

వెనకటికి యిల్లు కట్టాలంటే మేస్త్రి వచ్చి, స్థలం నాలుగు మూలలా మేకులు పాతి, దారం లాగి, ముగ్గు పోసేవాడు. ఆ ముగ్గు చూసి యింటావిడ "వంటిల్లు మరీ యిరుకైందే!" అనేది. "గోడలు లేస్తే అదే పెద్దదౌతుందమ్మా" అని మేస్త్రి అభయమిచ్చేవాడు. గోడలు లేచాక వంటిల్లు యింకా చిన్నదిగా కనిపించేది. అప్పుడు చేసేదేముంది? జన్మంతా అందులోనే కాపురం.

ఇప్పుడలా కాదు. పునాది తవ్వకముందే యిల్లు కళ్ళముందు నిలబడుతోంది. వాకిట్లో తులసికోట, దానిమీద పొద్దుటి యెండ, కిటికీకి కర్టెను, అన్నీ అచ్చం ఫోటోలో వున్నట్టే. దీన్ని వాళ్ళ భాషలో రెండరింగు అంటారట. మా అక్కయ్య కొడుకు ఆ పనిలో పడ్డాడు గనక నాకీ మాట తెలిసింది.

కుర్రవాడు అయిదేళ్ళు ఆర్కిటెక్చరు చదివాడు. 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిలులో పేరు నమోదు చేయించుకున్నాడు. ఆ నమోదు లేనివాడు మన దేశంలో ఆర్కిటెక్టునని బోర్డు కట్టకూడదు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో నెలజీతం మీద చేరతాడని మా అక్కయ్య ఆశ. వాడేమో నెల్లూరు వచ్చి, మూలాపేటలో మేడమీద గదిలో కంప్యూటరు పెట్టుకుని, "స్వతంత్రంగా చేసుకుంటానమ్మా" అన్నాడు. "అంటే వుద్యోగం లేదనేగా?" అంది అక్కయ్య.

ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని ఆ పని చూశాను. ముందు ప్లాను గీతలమీద గోడలు లేపుతాడు. గోడకు సున్నం, గుమ్మానికి టేకు, నేలకు కడపబండలు తొడుగుతాడు. ఆ తర్వాత సూర్యుణ్ణి పెడతాడు. నవ్వకండి, నిజంగానే పెడతాడు! నెల్లూరు భూమధ్యరేఖకు ఉత్తరాన 14.4 డిగ్రీల దగ్గర వుంది. ఆ లెక్కా, తేదీ, గంటా చెబితే సూర్యుడు ఆ వేళకు ఆకాశంలో యెక్కడుండాలో అక్కడే వచ్చి నిలబడతాడు. ఏప్రిల్ ఆఖరునుంచి ఆగస్టు నడిమిదాకా మనకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా పోతాడు. పొద్దునా సాయంత్రమూ ఉత్తరపు కిటికీలోకి కూడా యేటవాలుగా యెండ వస్తుంది. ఈ సంగతి యిల్లు కట్టుకున్న మొదటి వేసవిలో తెలుసుకోవడంకంటే బొమ్మలో తెలుసుకోవడం చవక గదా!

ఆపైన పని యంత్రానిది. కాంతి గోడకు తగిలి, నేలకు తగిలి, పైకప్పుకు తగిలి యెలా చెదురుతుందో కిరణం వెంట కిరణం లెక్క కడుతుంది. ఒక్కొక్క పెద్ద బొమ్మకు గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే వాడి మొహం చూడాలి.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన విద్య అనుకున్నాను. కాదట. వెనక చేత్తో వేసేవారు. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ పేరుమోసిన ఆర్కిటెక్టు. ఆయన కట్టడాలకు పేరుతెచ్చిన బొమ్మల్లో చాలా వాటిని గీసింది మేరియన్ మహోనీ అనే ఆవిడ. 1912లో కాన్‌బెర్రా నగరపు పోటీలో ఆవిడ భర్త వాల్టర్ గ్రిఫిన్ ప్లాను గెలిచింది. ఆ ప్లానును కళ్ళకు కట్టిన చిత్రాలు ఆవిడవే. తర్వాత ఆ దంపతులు మన లక్నో వచ్చి పనిచేశారు. ఆయన 1937లో అక్కడే పోయారు. కట్టినవారి పేరు రాతిమీద వుంటుంది, బొమ్మ వేసినవారి పేరు అడుగున చిన్న అక్షరాల్లో వుంటే వుంటుంది. మావాడి బొమ్మలమీద అదీ వుండదు.

మరి బేరం సంగతి? సగం డబ్బు ముందు, సగం బొమ్మ చేతికిచ్చాక. రెండుసార్లు మార్పులు వుచితం, మూడోసారి నుంచి రుసుము. ఇది కాగితం మీద రాసుకోకపోతే "గోడ రంగు మార్చు, చెట్టు మార్చు, కారు మార్చు" అంటూ నెల గడిచిపోతుందట.

ఇంతవరకూ బాగానే వుంది. మొన్న వేసవిలో ఒక పెద్దమనిషి వచ్చాడు. తీరం వెంబడి ఒకచోట విల్లాలు వేస్తున్నాడు. బొమ్మలో యేముండాలో చెప్పాడు: వరండా మెట్లు దిగితే యిసుక, ఆ వెంటనే అలలు, వెనకాల సముద్రంలో సూర్యాస్తమయం!

మావాడు స్థలం చూసి వచ్చాడు. స్థలానికీ సముద్రానికీ మధ్య రొయ్యల గుంటలు, ఆ అవతల బకింగ్‌హాం కాలువ, ఆ అవతల సరుగుడు తోపు. ఆపైన సముద్రం. "గుంటలు తీసేయ్. సముద్రాన్ని కాస్త యిటు జరుపు" అన్నాడా ఆసామి. అగస్త్యుడు సముద్రాన్ని తాగాడని విన్నాం, రాముడు వారధి కట్టాడని విన్నాం. జరిపినవాణ్ణి యెక్కడా వినలేదు. పైగా మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అస్తమించేది వెలిగొండల వెనక.

కుర్రవాడు వున్నది వున్నట్టే వేశాడు. తెల్లవారుజామున గుంటల నీళ్ళమీద వెలుగు, కాలువ గట్టు, దూరంగా సముద్రపు గీత. నామట్టుకు నాకు చాలా అందంగా వుంది. ఆసామికి నచ్చలేదు. మిగతా సగం డబ్బు యివ్వలేదు. ఆ డబ్బు కంప్యూటరు వాయిదాకు లెక్కపెట్టుకున్నది.

"బొమ్మే గదరా! సముద్రం కాస్త దగ్గరగా వేస్తే యెవరి సొమ్ము పోయింది?" అంది అక్కయ్య.

"కొనేవాడి సొమ్మమ్మా" అన్నాడు వాడు.

ఆ కొనేవాడు మరెవరో కాదు, నా స్నేహితుడే కాబోయాడు! రిటైరైన హెడ్మాస్టరు. రెండు నెలల తర్వాత మెరిసే కాగితం ఒకటి తెచ్చి చూపించాడు. మెట్లకింద అలలు, నీళ్ళలో యెర్రటి సూర్యుడు. మావాడు కాదంటే యింకెవరో వేసి పెట్టారన్నమాట. ప్రావిడెంటు ఫండు డబ్బంతా అందులో పెడదామని ఆయన వుద్దేశం. పదండని ఆదివారం యిద్దరం వెళ్ళాం. స్థలం దగ్గర్నుంచి వంతెనదాకా చుట్టు తిరిగి అలల దగ్గరికి చేరేసరికి ముప్పావుగంట పట్టింది. ఆయన తిరుగుదారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. బస్సెక్కాక మాత్రం, "అమ్మాయి పెళ్ళి డబ్బు కూడా అందులోనే వుందోయ్" అన్నాడు.

అంచేత బొమ్మ చూసి మనసు పారేసుకునేవారు కొన్ని సంగతులు తెలుసుకోవడం మంచిది. 2019 నాటి తీరప్రాంత నోటిఫికేషన్ ప్రకారం పల్లెపట్టుల్లో పోటుగీతనుంచి మామూలుగా 200 మీటర్లు, జనం బాగా దట్టంగా వున్నచోట 50 మీటర్లు, కొత్త కట్టడాలు కూడని మేర. మెట్లకింద అలలున్న కొత్త విల్లా బొమ్మ కనిపిస్తే ముందు ఆ అనుమతి అడగండి. 2016 నాటి స్థిరాస్తి చట్టం కింద నమోదైన వ్యాపారాల ప్రకటనలో రెరా నంబరు వుండితీరాలి. ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం యిమ్మనీ, వద్దనుకుంటే వడ్డీతో సహా తిరిగి యిమ్మనీ ఆ చట్టం 12వ సెక్షను చెబుతోంది. ఆ మెరుపు కాగితాన్ని చించకండి, దాచండి.

బొమ్మలో కనిపించనివీ వున్నాయి. ఉప్పుగాలికి కాంక్రీటులోని యినుము తుప్పు పడుతుంది. కోస్తాగాలి నేరుగా తగిలేచోట చువ్వమీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు వుండాలని నిబంధన. నెల్లూరులో యిల్లు సెకనుకు 50 మీటర్ల గాలికి, అంటే గంటకు 180 కిలోమీటర్లకు, లెక్క వేసుకుని కట్టాలి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానును చూసినవారికి ఆ లెక్క యెందుకో చెప్పనక్కరలేదు.

ఈ మధ్య ముత్తుకూరు వైపు నుంచి ఒక దంపతులు చిన్న యింటికోసం మావాడి దగ్గరికి వచ్చారు. మే నెల, సాయంత్రం నాలుగు గంటలకు వంటిల్లు యెలా వుంటుందో వేసి చూపించాడు. పడమటి యెండ సూటిగా పొయ్యిమీద పడుతోంది. ఆవిడ అప్పటికప్పుడు కిటికీ తూర్పుకు మార్పించింది. డబ్బు కూడా చెప్పిన రోజుకే యిచ్చారు.

మా అక్కయ్య కొంత మెత్తబడింది. అబ్బాయేం చేస్తున్నాడని సంబంధాలవాళ్ళడిగితే, "లేని యిళ్ళు చూపిస్తాడండీ" అని చెబుతోందట. ఆ మాట మాత్రం కాస్త మార్చుకోమని చెప్పి వచ్చాను.