వంటింటి ఇంజనీరింగు: గోధుమ లేని వంట, గోరంత వ్యాపారం

ఈ శీర్షికకు ఈ మాసంలో చేరిన లేఖలలో రెండింటిని పక్కపక్కన ఉంచి చదివినప్పుడు, రెండింటికీ కలిపి ఒకే సమాధానం వ్రాయడం ఉచితమని మాకు తోచింది. మొదటిది ఉత్తరాది యూనిట్ నుండి బదిలీపై వచ్చిన ఒక సహోద్యోగి వ్రాసినది. వారి తొమ్మిదేళ్ళ కుమార్తెకు సీలియాక్ వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయింది. జీవితాంతం గోధుమ ముట్టరాదని వైద్యులు చెప్పారు. రెండు పూటలా చపాతీలతో గడిచే ఇంటిలో ఇకపై ఏమి వండుకోవాలన్నది వారి ప్రశ్న. రెండవది వచ్చే మార్చిలో పదవీ విరమణ చేయనున్న ఒక మిత్రునిది. చిరుధాన్యాల పిండ్లు, అల్పాహార మిశ్రమాలు తయారుచేసి, ‘గ్లూటెన్ రహితం’ అన్న ముద్రతో అమ్మాలని ఆ దంపతుల సంకల్పం. గ్రాట్యుటీ సొమ్ములో ఎంతవరకు ఇందులో పెట్టవచ్చునని అడిగారు. రెండవ లేఖ వ్రాసిన వారి మొదటి కొనుగోలుదారు బహుశా మొదటి లేఖ వ్రాసిన వారే కావచ్చును. అందువలన ఈ రెండు ప్రశ్నలను విడదీయదలచలేదు.

గ్లూటెన్ అనగా గోధుమలోని జిగురు మాంసకృత్తు. గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు నీటితో కలిసి, పిసికినకొద్దీ వలవలె అల్లుకొంటాయి. పూరీ పొంగడానికి, రొట్టె మెత్తగా లేవడానికి, పరోటా పొరలు సాగడానికి ఈ వలయే కారణం. బార్లీలోను, రై ధాన్యంలోను ఇదే జాతి మాంసకృత్తులు ఉన్నాయి. సీలియాక్ రోగి శరీరంలోని రక్షణ వ్యవస్థ ఈ మాంసకృత్తును చూచి పొరబడి, తన చిన్నప్రేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. అప్పుడు తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల ఆగిపోవడం దీని ఫలితాలు. దీనికి గోధుమే కారణమని పట్టుకొన్నది విల్లెమ్ డికే అనే డచ్చి పిల్లల వైద్యుడు. ఆయనకు అంతకుముందే అనుమానం ఉండేది. 1944–45 శీతాకాలంలో యుద్ధం వలన హాలెండులో రొట్టె దొరకక దేశమంతా అలమటించినప్పుడు ఈ పిల్లలు మాత్రం కోలుకొన్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడ్డారు. 1950లో ఆయన తన పరిశోధనా వ్యాసాన్ని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించారు.

మన దేశంలో ఈ వ్యాధి అందరికీ సమానంగా పంచబడలేదు. 2016లో ప్రచురితమైన ఒక బహుప్రాంతీయ పరిశీలనలో ఉత్తరాదిన సుమారు నూటికి ఒకరికి పైగా ఈ వ్యాధి కనబడగా, దక్షిణాదిన వేయికి ఒకరు మాత్రమే తేలారు. అంటే మన టౌన్‌షిప్పులో అత్యధికులకు గోధుమ శత్రువు కాదు. పొరుగింటివారు మానినారని మనమూ మానవలసిన పని లేదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అనుమానం ఉన్నవారు రక్తపరీక్ష చేయించుకొనేవరకు గోధుమను మానరాదు. ముందే మానివేస్తే రక్తంలోని ప్రతిదేహాలు తగ్గిపోయి, వ్యాధి ఉన్నా పరీక్షలో లేదని రావచ్చును. ‘ముందు మాని చూద్దాం, తగ్గితే అదే’ అనే గృహవైద్యం ఈ ఒక్క విషయంలో దారి తప్పిస్తుంది.

ఇక ఆ పాప పళ్ళెం సంగతి. తెలుగువారి వంటలో సగానికి పైగా పుట్టుకతోనే గోధుమ లేనివి. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, పొంగనాలు, పులిహోర, రాగిసంకటి, జొన్నరొట్టె, సజ్జరొట్టె, అంబలి, పూర్ణాలు, అరిసెలు, కజ్జికాయలు మినహా దాదాపు సంక్రాంతి పిండివంటలన్నీ ఈ కోవలోనివే. ఆ సహోద్యోగి కుటుంబం దక్షిణాదికి బదిలీ కావడం ఈ ఒక్క కోణంలో మేలే అయిందని చెప్పవచ్చును. అయితే గోధుమ దాగి ఉండే చోట్లు వేరే ఉన్నాయి. ఉప్మా చేసే బొంబాయి రవ్వ గోధుమదే. సేమ్యా కూడా అంతే. పెసరట్టు నిరపాయమే గాని, అందులో ఉప్మా చేరి అది ‘ఎమ్మెల్యే పెసరట్టు’ అయిన క్షణాన నిషిద్ధం. రవ్వదోసెలో రవ్వా ఉంటుంది, మైదా ఉంటుంది. బొబ్బట్టు పైపొర మైదా. అన్నిటికంటె మోసకారి ఇంగువ. మనం డబ్బీలలో కొనే ఇంగువ శుద్ధమైనది కాదు. చాలావరకు మైదాపిండిలోనో, గోధుమపిండిలోనో కలిపి పొడిచేసినది. సాంబారులో చిటికెడే కదా అనుకొంటాము. డబ్బీ వెనుక చిన్న అక్షరాలు చదివి, బియ్యపుపిండితో చేసినదో, ముద్ద ఇంగువో ఎంచుకోవలసి ఉంటుంది. మాల్టు పానీయాలలో బార్లీ ఉంటుంది. ఇంట్లో మొలకెత్తించి చేసుకొనే రాగిమాల్టుకు ఆ దోషం లేదు. పేరు ఒకటే గాని వస్తువు వేరు. పూరీలు వేయించిన నూనెలో వేసిన గారె, చపాతీ కాల్చిన పెనంమీద వేసిన అట్టు కూడా ఆ పాపకు పనికిరావు. ఇంటిలో ఆమెకు వేరే పెనం, వేరే జల్లెడ, వేరే చెక్కపీట కొనడం ఖర్చు కాదు, మందు.

గోధుమలోని వల లేకుండా రొట్టె నిలబడడం ఎట్లా? ఈ సమస్యను మన పల్లెల తల్లులు ఏనాడో పరిష్కరించారు. జొన్నపిండిని చన్నీళ్ళతో కలిపితే రొట్టె అంచులు చీలిపోతాయి. మరిగే నీళ్ళు పోసినప్పుడు పిండిలోని గంజిపదార్థం ఉబ్బి జిగురవుతుంది. ఆ జిగురే వల చేయవలసిన పని కొంతవరకు చేస్తుంది. ఒక గ్లాసు పిండికి ముప్పాతిక గ్లాసు నీరు ఉప్పువేసి మరిగించి, మంట ఆపి, పిండి పోసి, మూతపెట్టి, చేయి పట్టే వేడికి వచ్చాక బాగా మర్దించాలి. కలిపిన పిండిని వెంటనే తట్టాలి, ఆరితే పగులుతుంది. ఇక ఇడ్లీకి ఆధారం మినపప్పు. అందులోని జిగురు పదార్థాలు పులిసేటప్పుడు పుట్టే వాయువును బుడగలుగా పట్టి ఉంచుతాయి. కనుకనే బియ్యపు రవ్వకు బదులు కొర్రల రవ్వ వేసినా ఇడ్లీ పొంగుతుంది. ఒక గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల కొర్ర రవ్వ చాలు. కేకులు, బన్నులు కావాలని పాప మారాం చేస్తే, పిండిలో కొద్దిగా ఇసబ్గోలు పొట్టు కలిపి చూడవచ్చును. నీటిని పీల్చి అది కూడా జిగురై నిలుపుతుంది. అయితే మొక్కజొన్న గంజిపొడి, పంచదార, వనస్పతి కలిపి చేసిన బిస్కెట్టు గ్లూటెన్ రహితమైనంత మాత్రాన ఆరోగ్యకరం కాజాలదు. ఈ సంగతిని వ్యాపారం చేయబోయేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు రెండవ లేఖ. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటినుండి ఈ రంగంలోనికి దిగనివారు లేరు. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు ఈ పంటలను దశాబ్దాలపాటు కాపాడుకొని, 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి అందుకొన్నారు. ఆనాడు పట్టణాలలో అడిగినవారు తక్కువ; నేడు ప్రతి కిరాణా దుకాణంలోను కొర్రలు దొరుకుతున్నాయి. అందుచేత ‘చిరుధాన్యం’ అన్న మాట ఒక్కటే నేడు వస్తువును అమ్మిపెట్టదు.

‘గ్లూటెన్ రహితం’ అన్న మాట అమ్మిపెట్టవచ్చును. కాని అది మనము పనిచేసే కర్మాగారంలో టాలరెన్సు వంటిది. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఆ ముద్ర వేసిన ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. ఒక చిన్న లెక్క వేద్దాము. గోధుమపిండిలో గ్లూటెన్ సుమారు 8 శాతం అనుకొంటే, 20 మిల్లీగ్రాములు పావుగ్రాము గోధుమపిండిలోనే వచ్చేస్తాయి. పేటలోని పిండిమర వద్దకు పది కిలోల జొన్నలు తీసుకువెళ్ళాము. మనకు ముందు గోధుమలు పట్టారు. రాళ్ళ మధ్యను, గొట్టంలోను మిగిలిన గోధుమపిండి ఒక గుప్పెడు, అంటే 30 గ్రాములు మాత్రమే అనుకొందాము. మన పిండిలో కిలోకు 3 గ్రాములు చేరాయి. అది అనుమతించిన దానికి పన్నెండు రెట్లు. జొన్న శుద్ధమే, చేసినవారి మనసు శుద్ధమే. ఆ పిండితో చేసిన రొట్టె తిన్న పాప మాత్రం మంచంపడుతుంది. కనుక సొంత మర లేనివారు, గోధుమ గడప దాటని గది లేనివారు ఆ ముద్ర వేయనే రాదు. ‘రాగిపిండి’ అని మాత్రం వ్రాసి అమ్ముకోవడంలో దోషం లేదు. ముద్ర వేయదలచినవారు గుర్తింపు పొందిన పరీక్షశాలలో ఎలీసా పద్ధతిన పరీక్ష చేయించి, ధాన్యం కొనే చోటు మారినప్పుడల్లా తిరిగి చేయించడం అవసరం. రైతు వద్ద గోనెసంచులు సైతం నిన్న గోధుమవి కాకుండా చూచుకోవాలి.

ధాన్యానికి ధాన్యానికి గుణభేదం ఉన్నది. రాగి, జొన్న, సజ్జలకు పొట్టు తీసే పని లేదు. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలకు పొట్టు తీయక తప్పదు. ఆ యంత్రం ఖరీదైనది, తరుగూ ఎక్కువే. సజ్జలో కొవ్వు అధికం గనుక పట్టించిన పిండి కొద్ది రోజులలోనే చేదెక్కుతుంది. గింజను ముందుగా వేయించితే కొవ్వును విరిచే ఎంజైము చచ్చి, నిలువ పెరుగుతుంది. అరికెలు కోతలో తడిస్తే బూజుపట్టి విషపూరితం కావచ్చును. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు చనిపోయినది బూజుపట్టిన అరికె పైరు తినడం వలననే. నిలువకు ముందు ఎండబెట్టడం ఎంత ముఖ్యమో దీనిని బట్టి ఊహించవచ్చును. కొత్తవారు రాగితో మొదలుపెట్టడం మేలని మా సలహా.

డబ్బు లెక్క కూడా చూద్దాము. ఉదాహరణకు రాగులు కిలో 50 రూపాయలు. రాళ్ళు, తాలు, వేపులో పోయిన తేమ, జల్లెడపై మిగిలినది పోగా పది కిలోలకు ఎనిమిదిన్నర కిలోల పిండి చేతికి వచ్చిందనుకొంటే, కిలో పిండికి ధాన్యపు ఖర్చే 59 రూపాయలు. అమ్మకపు ధర 160 అనుకొని, దుకాణదారుడు నాలుగోవంతు అడిగితే మనకు వచ్చేది 120. ధాన్యం పోను 61. సంచి, చీటీ, గ్యాసు, విద్యుత్తు, రవాణాలకు 25 తీసివేస్తే 36. నెలకు రెండువందల కిలోలు అమ్మినా చేతిలో 7,200 రూపాయలు. పరీక్షశాల రుసుము, సహాయకురాలి కూలి, అమ్ముడుపోక తిరిగి వచ్చిన పొట్లాల నష్టం అందులోనుండే పోవాలి. దంపతులు తమ శ్రమకు విలువ కట్టుకోకపోవడం ఈ లెక్కలలో సాధారణంగా జరిగే పొరపాటు. క్వార్టర్లలో నేరుగా అమ్మితే దుకాణదారుని 40 రూపాయలూ మిగులుతాయి. అందుచేత మొదటి ఆరు నెలలు గేటు దాటి వెళ్ళవద్దని మా మనవి.

కాగితాల పని అనుకొన్నంత కష్టం కాదు. 2011 నుండి అమలులో ఉన్న నిబంధనలు ఏటా 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న తయారీదారులకు సంవత్సరానికి వంద రూపాయల రుసుముతో నమోదును ఏర్పాటు చేశాయి. ఇట్టి పరిమితులు సవరణకు లోబడినవి గనుక దరఖాస్తు చేసేనాడు సరిచూచుకోవాలి. పొట్లంపై దినుసుల వివరం, నికర బరువు, తయారీ తేదీ, బ్యాచి సంఖ్య, పద్నాలుగు అంకెల నమోదు సంఖ్య తప్పనిసరి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఈ రంగంలో కొత్తవారికి శిక్షణ ఇస్తూ వచ్చింది. 2020లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో, బ్యాంకు రుణంతో ముడిపడి, వ్యయంలో 35 శాతం వరకు, పది లక్షలకు మించకుండా రాయితీ ఇచ్చారు. రాయితీ వస్తున్నదని యంత్రం కొనడం, అవసరమై యంత్రం కొనడం ఒకటి కావు. మా ఎరుకలో రాయితీతో తెచ్చిన యంత్రాలు రెండు తుప్పుపడుతున్నాయి.

గ్రాట్యుటీలో ఎంత అన్న ప్రశ్నకు మా సమాధానం: పదోవంతుకు మించరాదు. 1995నాటి పెన్షను పథకం క్రింద మనకు వచ్చే మొత్తమెంతో విడమరచి చెప్పనక్కరలేదు. వైద్యఖర్చులకు, పిల్లల పెళ్ళిళ్ళకు ఉంచిన సొమ్ము పిండిమరలో పోయరాదు. ఆ పదోవంతుతో ఒక చిన్న పల్వరైజరు, వేపుడు మూకుడు, తూకం, సంచికి సీలువేసే యంత్రం, పరీక్షల ఖర్చు సమకూరితే ఆరంభించవచ్చును. సమకూరకపోతే ముద్ర లేకుండా ఆరంభించవచ్చును.

మాకు తెలిసిన ఒక సహోద్యోగి సతీమణి నాలుగేళ్ళుగా రాగిమాల్టు, జొన్నపిండి అనే రెండే వస్తువులు చేస్తున్నారు. నిరుడు ఒక దుకాణం వారు గోధుమ కలిపిన బహుధాన్యాల పిండి నెలకు మూడువందల కిలోలు కావాలని అడిగారు. అది ఆమె అప్పటి అమ్మకానికి రెట్టింపు. ఒక్క మర మీద రెండూ సాగవు. రెండవ మర పెట్టడానికి గది లేదు. ఆమె కాదన్నారు. ఇంటిలో కొద్దిరోజులు మాటామాటా వచ్చిన మాట నిజమే. ఆమె వద్ద జొన్నపిండి కొనేవారిలో నేడు ముగ్గురు సీలియాక్ పిల్లల తల్లులు ఉన్నారు. నాల్గవవారుగా మొదటి లేఖ వ్రాసిన సహోద్యోగికి ఆమె చిరునామా వేరుగా పంపుతున్నాము. విరమణ చేయనున్న మిత్రుడు కూడా డబ్బు తీసేముందు ఒక శనివారం ఆ దంపతులు ఆ మర పక్కన కూర్చొని చూడగలరు. అందుకు ఆమె అంగీకరించారు.

తడి గ్రైండరు మోటార్లు తరచు కాలిపోవడానికి గల కారణాలను అడిగిన పాఠకులకు వచ్చే సంచికలో సమాధానం ఇవ్వగలము.