పాడిపశువు మేత – పట్టభద్రుని బాధ్యత

జీవశాస్త్రము చదివే విద్యార్థిని “ఏమి కావాలని ఉన్నది?” అని అడిగితే వచ్చే సమాధానము ఒక్కటే: డాక్టరు. ఆ ర్యాంకు అందనప్పుడు దంతవైద్యము, అదీ అందనప్పుడు పశువైద్యము. పశువైద్యములో చేరిన వారిలోనైనా శస్త్రచికిత్స వైపు, మందుల వైపు చూసేవారే ఎక్కువ గాని, పశువు ఏమి తిన్నది, తిన్నది ఏమయినది అని విచారించే పోషణశాస్త్రము వైపు చూసేవారు అరుదు. ఈ వరుస సరికాదనీ, పాడిపశువుల పోషణను పరిశోధించి బోధించే వృత్తి మన ప్రాంతపు పిల్లలు మొదటి కోరికగా కోరుకోదగినదనీ మేము వాదించదలచినాము. ఆ వృత్తిలో ఉన్నవారిని నేడు కొలుస్తున్న కొలబద్దపై మాకు గల అభ్యంతరమును కూడ దాచుకొనము.

రావికమతాన్ని ఉదాహరణగా తీసుకొందాము. చోడవరము నుండి నర్సీపట్నము పోయే దారిలో, కనుమల పాదములో ఉన్న మండలము. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లా, అటుపై అనకాపల్లి జిల్లా. కళ్యాణపులోవ జలాశయము ఈ మండలములోనిదే. ఇది వరి, చెరకు పండే నేల. అనకాపల్లి బెల్లపు మార్కెట్టునూ, గోవాడ సహకార చక్కెర కర్మాగారాన్నీ నమ్ముకొని దశాబ్దాలు గడిపిన నేల. ఇక్కడి పశువుకు ఏడాదిలో ఎక్కువ కాలము దొరికేది వరిగడ్డి. చెరకు నరికే రోజులలో చెరకు మొవ్వలు దొరుకుతాయి. దానిపై ఇంత తవుడు, ఇంత తెలగపిండి, ఇంటి కుడితి. పంట చేతికి వచ్చేది ఏడాదికి ఒకటి రెండు మార్లు. పాల డబ్బు మాత్రము కొద్ది రోజులకొకసారి చేతికి అందుతుంది. పిల్లవాని పుస్తకాలు, ముసలివారి మందులు ఆ డబ్బుతోనే వస్తాయి. కనుక ఆ గడ్డిమేటులో ఏమున్నదో తెలిసికొనడము చిన్న విషయము కాదు.

ఏమున్నది? వంద కిలోల వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు కిలోలకు మించవు. సిలికా అధికము. అందులోని ఆక్సలేటులు సున్నపు ధాతువును పట్టి ఉంచి పశువుకు పూర్తిగా అందనీయవు. అయినను ఆవు ఆ గడ్డిని పాలుగా మార్చగలుగుతున్నదంటే కారణము దాని మొదటి పొట్ట. పెద్ద ఆవులో వంద లీటర్లకు పైబడిన ఆ తొట్టిలో, ఒక్కొక్క మిల్లీలీటరు ద్రవములో వెయ్యి కోట్ల లెక్కన సూక్ష్మజీవులు ఉంటాయి. మనము మేపేది నిజానికి వాటినే. అవి ఆవును మేపుతాయి. గడ్డిలోని పీచును అవి పులియబెట్టినప్పుడు పుట్టే ఆమ్లాలలో ఎసిటిక్ ఆమ్లము పాలలోని వెన్నకు ముడిసరుకు. పాల కేంద్రములో వెన్న శాతము చూసి ధర కడుతున్నారు గదా! “తవుడు బాగా పెట్టినా వెన్న ఎందుకు పడిపోయినది?” అని రైతు అడిగితే, గడ్డి తగ్గించి తవుడు పెంచినందువల్లనే కావచ్చునని చెప్పగలవాడు పోషణశాస్త్రము చదివినవాడే. ఈ ఒక్క జవాబు విలువ ఎంతో ఆ రైతుకు తెలుసు.

ఈ శాస్త్రము పాత మార్గములనే తొక్కుతూ కూర్చున్న శాస్త్రము కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో బాబ్‌కాక్ అనే రసాయనవేత్త 1890లో పాలలోని వెన్నను కొలిచే సులువైన పరీక్షను కనిపెట్టి, పాలలో నీళ్ళు కలిపేవారికి గట్టి అడ్డు వేసినాడు. ఆయన సందేహము నుండే 1907లో అక్కడ ఒక ప్రయోగము ప్రారంభమయినది. పదహారు పెయ్యలను నాలుగు గుంపులుగా చేసి, ఒకదానికి మొక్కజొన్న మొక్క, ఒకదానికి గోధుమ, ఒకదానికి ఓట్లు, నాలుగవదానికి మూడింటి మిశ్రమము పెట్టినారు. రసాయనిక విశ్లేషణ ప్రకారము నాలుగు మేతలూ సమానమే. కాని మొక్కజొన్న తిన్నవి పుష్టిగల దూడలను ఈనినవి. గోధుమ తిన్నవి చిక్కి, చూపు కోల్పోయి, చచ్చిన దూడలను ఈనినవి. కాగితము మీద సమానమైనది కడుపులో సమానము కాదని ఆవు తేల్చి చెప్పినది. ఆ చిక్కు విప్పబోయినవారే 1913లో నేటి ‘ఎ’ విటమిను జాడ కనిపెట్టినారు. మన పిల్లలకు రేచీకటి రాకుండ వేసే చుక్కల మందు వెనుక ఆ పెయ్యలున్నవి. పచ్చిమేతను చెడకుండ పాతర వేసే పద్ధతికై ఫిన్లాండు దేశీయుడు విర్తానెన్ 1945లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి పొందినాడు. ఆయనే తరువాత 1960 దశకములో, మాంసకృత్తులే లేని మేతతో, యూరియా, అమోనియం లవణములతో, ఆవు పాలు ఇవ్వగలదని చూపించినాడు. పశువుల మేత చదువు రెండవ తరగతి చదువు అనుకొనే తలిదండ్రులు ఈ సంగతి గమనింతురు గాక.

అయితే వారి మేత మన మేత కాదు. పరదేశపు పట్టికలు మొక్కజొన్నకు, సోయాకు చెందినవి. మన వరిగడ్డికి, మన పిండికి, మన చొప్పకు మన పట్టిక ఉండాలని పూనుకొని, భారతీయ మేతల పోషక విలువలను లెక్కగట్టి గ్రంథముగా తెచ్చిన కె.సి. సేన్ వంటివారు ఈ దేశములో ఈ వృత్తికి పునాది వేసినవారు. 1923లో బెంగళూరులో పుట్టి, 1955లో కర్నాలుకు తరలిన పాడి పరిశోధన సంస్థ ఆ పనికి ఆలంబన అయినది. 1995లో పశుపోషణకే ప్రత్యేకముగా బెంగళూరులో ఒక జాతీయ సంస్థ వెలసినది. మన రాష్ట్రములో 2005 నుండి తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము ఉన్నది. మనకు పొరుగునే విజయనగరం జిల్లా గరివిడిలో దాని కళాశాల ఉన్నది.

మార్గము సుదీర్ఘమే. పశువైద్య పట్టమునకు ఐదున్నర ఏండ్లు, తరువాతి పట్టమునకు రెండు, డాక్టరేటుకు కనీసము మూడు. ఇందులో ఆడంబరము లేదు. ఒక మేత ఎంత అరుగుతున్నదో తెలియాలంటే, కొన్ని వారాలు పశువును ఆ మేతకు అలవాటు చేసి, ఆపై వారము రోజులు తిన్నది, వదిలినది, పేడ, మూత్రము అన్నియు రాత్రింబవళ్ళు తూచి వ్రాసుకోవాలి. తెల్లని కోటు ఎంతో కాలము తెల్లగా ఉండదు. ఆ నమూనాలో నత్రజనిని కొలిచే పద్ధతిని 1883లో కెల్డాల్ కనిపెట్టినది ఒక బీరు కర్మాగారపు ప్రయోగశాలలో. నేటికీ మన రసాయనశాస్త్ర విద్యార్థులు చేసే ప్రయోగము అదియే. చదువు అంతా చేరవలసినది గడ్డి దగ్గరకే అని తెలిసినవాడు ఈ దారిలో నిలబడతాడు.

ఇక మా అభ్యంతరము. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై అరవై లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండ కప్పి మూడు వారాలు ఉంచితే మాంసకృత్తుల శాతము ఏడెనిమిదికి చేరుతుంది. గడ్డి మెత్తబడి పశువు ఎక్కువ తింటుంది. ఇది నలభై ఏండ్ల నాటి సంగతి. ఎన్ని సిద్ధాంత వ్యాసాలు, ఎన్ని పట్టములు దీనిపై వచ్చినవో! కాని పల్లెలలో తిరిగి చూడండి, ఎన్ని గడ్డిమేట్లు ఆ విధముగా కప్పబడి ఉన్నవి? రైతు అజ్ఞాని అని తేల్చివేయడము పండితులకు సులువు. మేము అంగీకరింపము. అరవై లీటర్ల నీటిని మోసేది ఎవరు? ఇంటి ఇల్లాలు. టార్పాలిన్ కొనేది ఎవరి డబ్బుతో? పూటకు రెండు లీటర్లు ఇచ్చే గేదెకు ఆ శ్రమ గిట్టుతుందా? కొలత తప్పి యూరియా ఎక్కువ పడితే పశువు చనిపోతుందన్న భయము నిజము కాదా? చిన్న దూడలకు అది పెట్టరాదు గదా? ఈ ప్రశ్నలు ప్రయోగశాలలో పుట్టవు. కొట్టములో పుడతాయి. పశువుకు మేత వేసే స్త్రీని అడగకుండ మేతపై చేసిన పరిశోధన సగము పరిశోధన.

అధ్యాపకుని పదోన్నతికి పత్రికలలో అచ్చయిన వ్యాసాలు లెక్కకు వస్తాయి. కొట్టములో నిలిచిన పద్ధతి లెక్కకు రాదు. మా వాదము ఇంతే: రెండూ లెక్కించండి. 2023–24లో మన దేశము 23.9 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తి చేసినది. 1998 నుండి ప్రపంచములో ప్రథమ స్థానము మనదే. కాని ఆ ప్రథమ స్థానము పశువుల సంఖ్య వలన వచ్చినది. 2019 లెక్కల ప్రకారము ఆవులు, గేదెలు కలిపి 30 కోట్లకు పైగా ఉన్నవి. పశువు ఒక్కటికి వచ్చే పాలు స్వల్పము. మేతలోని శక్తిలో సుమారు ఆరు శాతము మీథేను వాయువుగా త్రేన్పులలో పోతున్నది. అది రైతుకు నష్టము, వాతావరణమునకూ నష్టము. దీనిని తగ్గించే పని రేపటి పరిశోధకునిది. మేతలు మనవి గనుక ఆ పరిశోధకుడు మనవాడు కావడము మేలు.

భాష విషయము ఒకటి ఉన్నది. మనమందరము పలికే ‘దాణా’ అనే మాట పారశీకము నుండి ఉర్దూ ద్వారా తెలుగు కొట్టములోనికి వచ్చి స్థిరపడినది. రెండు భాషల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చునే మన కళాశాలలో ఇది గుర్తుంచుకోదగిన మాట. పశుపోషణపై ఉన్నత గ్రంథములన్నియు ఆంగ్లములో ఉండగా, రైతుకు చేరవలసిన పది పుటల చిన్న పుస్తకము తెలుగులోను, ఉర్దూలోను సరళముగా వ్రాయగలవాడు ఆ రెండు భాషలూ ఇంట్లో విన్న మన విద్యార్థియే.

కళాశాల పాలకవర్గమునకు మా విన్నపము పెద్ద ఖర్చుతో కూడినది కాదు. భవనము అడగము, బస్సు అడగము. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో నత్రజని కొలిచే పరికరము ఉన్నది. ఏటేటా కొనుక్కొనే అమోనియం లవణమునకు బదులు విద్యార్థి తన ఊరి గడ్డిని తెచ్చి దానితో ఆ ప్రయోగము చేయనివ్వండి. ఫలితమును ఒక పెద్ద రిజిస్టరులో ఊరి పేరు, నెల, మేత పేరు, అది వేసిన వారు చెప్పిన మాటతో సహా వ్రాయించండి. జంతుశాస్త్ర శాఖ వారు గరివిడి నుండి ఒక అధ్యాపకుని ఏడాదికి ఒకసారి పిలిచి ఆ రిజిస్టరును ఆయన ముందు పెట్టవచ్చును. సంక్రాంతి సెలవులకు రావికమతం, కొత్తకోట ప్రాంతాలకు వెళ్ళే విద్యార్థులు తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్క సంచిలో పిడికెడు వరిగడ్డి, రెండు చెరకు మొవ్వలు తెస్తే ఈ ఏటి పని మొదలుపెట్టవచ్చును.